లినక్స్‌కు ఏ గ్రాఫిక్స్ కార్డు? ఎన్‌విడియా, ఏఎండీ, ఇంటెల్ డ్రైవర్ల మంచిచెడ్డలు

లినక్స్‌లో ప్రింటర్ల గొడవ, వైఫై గొడవ చాలావరకు సద్దుమణిగాయి. గ్రాఫిక్స్ కార్డు గొడవ మాత్రం ఇంకా వేధిస్తూనే ఉంది. రోజూ వచ్చే అప్‌డేట్ వేసి రీస్టార్ట్ చేస్తే లాగిన్ తెర రాదు, నల్లటి తెర మీద కర్సర్ ఒక్కటే మిణుకుమంటుంది. లాప్‌టాప్ మూత వేసి తీస్తే బొమ్మ చెదిరిపోయి ఉంటుంది. రెండో మానిటర్ తగిలిస్తే మొదటిది కూడా తడబడుతుంది. వీడియో చూస్తుంటే ప్రాసెసర్ వేడెక్కి ఫ్యాన్ హోరెత్తుతుంది, ఖరీదైన కార్డు పక్కనే ఖాళీగా ఉన్నా సరే.

ఇలాంటివి పడ్డవారికి విసుగు రావడం న్యాయమే. జీతంలోంచి పొదుపు చేసి కొన్న కార్డు సగం పనే చేస్తుంటే ‘లినక్స్ అంటే ఇంతే, సర్దుకుపోవాలి’ అని చెప్పడం నాకు ఏనాడూ సబబుగా తోచలేదు. వాడేవారి చేతకానితనం వల్ల వచ్చే సమస్యలు ఇవి కావు. కార్డు తయారుచేసిన కంపెనీ తన డ్రైవర్‌ను ఏ రూపంలో ఇస్తుంది, ఎన్నాళ్లు చూసుకుంటుంది అన్న రెండు విషయాల నుంచే ఇవి ఎక్కువగా పుడతాయి. ఆ రెండూ కొనే ముందే తెలుసుకోవచ్చు. కార్డు వేగం గురించి చెప్పేవారు ఎందరో ఉన్నారు కాబట్టి, ఇక్కడ డ్రైవర్ వైపు నుంచే చూద్దాం.

## కొనే ముందు చూడవలసినవి

అన్నిటికంటే ముందు, డ్రైవర్ ఎక్కడ ఉంటుందో చూడాలి. లినక్స్‌లో గ్రాఫిక్స్ డ్రైవర్ అంటే ఒక్క ముక్క కాదు. కార్డుతో నేరుగా మాట్లాడే భాగం లినక్స్‌కు గుండెకాయ అయిన కెర్నెల్‌లో ఉంటుంది. ప్రోగ్రాములు కార్డు చేత బొమ్మలు గీయించుకునే ఓపెన్‌జీఎల్, వల్కన్ అనే ఇంటర్‌ఫేస్‌లను అందించే భాగం దాని పైన ఉంటుంది, ఓపెన్ సోర్స్ డ్రైవర్లకు ఇది మెసా అనే ప్రాజెక్టులో భాగం. వీటికి తోడు కార్డులోకి ఎక్కించే ఫర్మ్‌వేర్. ఏఎండీ, ఇంటెల్ డ్రైవర్లు కెర్నెల్‌తోనే, మెసాతోనే కలిసి వస్తాయి. మీరు ఏ డిస్ట్రో (ఉబుంటు, ఫెడోరా వంటి లినక్స్ రకం) వేసినా అవి అందులోనే ఉంటాయి. ఎన్‌విడియా సొంత డ్రైవర్ కెర్నెల్‌కు బయట ఉంటుంది.

బయట ఉంటే ఏమిటి నష్టం? లినక్స్ కెర్నెల్ మామూలు ప్రోగ్రాములకు ఇచ్చే హామీని తన లోపలి మాడ్యూళ్లకు ఇవ్వదు. పాత ప్రోగ్రాము కొత్త కెర్నెల్ మీద నడవాలన్నది దాని నియమం, లోపలి ఇంటర్‌ఫేస్‌లు మాత్రం ఎప్పుడైనా మారవచ్చు. కెర్నెల్‌లో ఉన్న డ్రైవర్లను ఆ మార్పు చేసినవారే సరిదిద్దుతారు. బయటి డ్రైవర్‌ను ఆ కంపెనీయే సరిదిద్దుకోవాలి, పైగా ప్రతి కొత్త కెర్నెల్‌కూ దాన్ని మీ కంప్యూటర్‌లో మళ్లీ కంపైల్ చేయాలి. ఈ పనిని డీకేఎంఎస్ వంటి సాధనాలు తెర వెనుక చేస్తాయి. అవి విఫలమైన రోజే నల్లటి తెర కనిపిస్తుంది.

రెండోది ఆయుష్షు. కంపెనీ మద్దతు ఆపేశాక ఆ కార్డు ఇంకెన్నాళ్లు పనికొస్తుంది? సెకండ్ హ్యాండ్ కొనేవారికి ఇదే ముఖ్యం.

మూడోది, కార్డు వయసుకూ డిస్ట్రో వయసుకూ పొత్తు. నిన్న విడుదలైన కార్డును రెండేళ్ల నాటి డిస్ట్రోలో పెడితే ఏఎండీ అయినా ఇంటెల్ అయినా ఇబ్బందే.

ఇక మిగిలింది మీ పని. తెర మీద బొమ్మ రావడం, ఆటలు ఆడటం, వీడియో ఎడిటింగ్, ఏఐ మోడళ్లు నడపడం వేర్వేరు అవసరాలు. ఒకదానిలో గెలిచిన కార్డు ఇంకోదానిలో ఓడిపోతుంది.

## ఎన్‌విడియా: పనిలో బలం, పొందికలో లోటు

2012లో ఫిన్లాండ్‌లోని ఆల్టో విశ్వవిద్యాలయంలో జరిగిన ఒక సభలో లినక్స్ సృష్టికర్త లినస్ టోర్వాల్డ్స్‌ను ఎన్‌విడియా గురించి అడిగారు. తాము వ్యవహరించిన కంపెనీలన్నిటిలో అదే అధ్వానమని ఆయన కెమెరా ముందే మధ్యవేలు చూపించారు. ఆ వీడియో అంతగా ప్రచారం కావడానికి కారణం, అప్పటికే వేలమంది లినక్స్ వాడకందార్ల మనసులో అదే మాట ఉండటం.

అప్పటి నుంచి చాలా మారింది. 2022 మేలో ఎన్‌విడియా తన కెర్నెల్ మాడ్యూల్ సోర్స్ కోడ్‌ను బయటపెట్టింది. ట్యూరింగ్ తరం, అంటే జీటీఎక్స్ 16, ఆర్‌టీఎక్స్ 20 సిరీస్‌లు, ఆ తరువాతి కార్డులు దీనితో పనిచేస్తాయి. 2024లో వచ్చిన 560 డ్రైవర్ నుంచి ఈ ఓపెన్ మాడ్యూలే డిఫాల్ట్ అయింది. ఆర్‌టీఎక్స్ 50 సిరీస్‌కైతే ఇది తప్ప వేరే దారి లేదు. కానీ ‘ఎన్‌విడియా డ్రైవర్ ఓపెన్ సోర్స్ అయిపోయింది’ అన్న మాటను పూర్తిగా నమ్మకండి. తెరిచింది కెర్నెల్ భాగం ఒక్కటే. దాని పైన ఉండే ఓపెన్‌జీఎల్, వల్కన్ భాగాలు, కార్డును ఏఐ వంటి లెక్కలకు వాడుకునే కుడా భాగం మూసే ఉన్నాయి. తెరిచిన మాడ్యూల్ కూడా లినక్స్ కెర్నెల్‌లో చేరలేదు. అందువల్ల ప్రతి కెర్నెల్ అప్‌డేట్‌కూ తిరిగి కంపైల్ చేయడం అలాగే ఉంది.

సంతకం లేని కోడ్‌ను బూట్‌లో అడ్డుకునే సెక్యూర్ బూట్ ఆన్ చేసి ఉంటే మరో చిక్కు. మీ కంప్యూటర్‌లో కంపైల్ అయిన మాడ్యూల్‌కు సంతకం లేకపోతే కెర్నెల్ దాన్ని లోపలికి రానివ్వదు. అందుకే కొన్ని డిస్ట్రోలు ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఒక పాస్‌వర్డ్ అడిగి, తరువాతి బూట్‌లో నీలిరంగు తెర చూపించి, కీ నమోదు చేయమంటాయి. ఆ తెర ఎందుకు వచ్చిందో తెలియక చాలామంది దాన్ని దాటేస్తారు. దాంతో డ్రైవర్ ఎక్కదు, ఎందుకు ఎక్కలేదో చెప్పే సందేశమూ ఎదురుగా కనిపించదు. ఉబుంటులో ‘అదనపు డ్రైవర్లు’ విభాగం నుంచి వేసుకుంటే సాధారణంగా ముందే సంతకం చేసిన మాడ్యూళ్లు వస్తాయి కాబట్టి ఈ బాధ తక్కువ. ఎన్‌విడియా వెబ్‌సైటు నుంచి ఇన్‌స్టాలర్ నేరుగా దింపుకుని వేయడం మాత్రం వద్దు. డిస్ట్రో ప్యాకేజీ వ్యవస్థకు తెలియకుండా చేరిన ఫైళ్లు తరువాతి అప్‌డేట్‌లో కొట్లాడుకుంటాయి.

వేలాండ్ కథ ఇంకా పాతది. ఎక్స్11 స్థానంలో వచ్చిన ఈ కొత్త డిస్‌ప్లే వ్యవస్థను ఫెడోరా 2016లోనే డిఫాల్ట్ చేసింది. మిగతా అందరూ జీబీఎం అనే పద్ధతి మీద నడుస్తుంటే ఎన్‌విడియా ఏళ్ల తరబడి ఈజీఎల్ స్ట్రీమ్స్ అనే తన సొంత పద్ధతిని పట్టుకు కూర్చుంది. 2021 అక్టోబరులో 495 డ్రైవర్‌తో జీబీఎం వచ్చింది. అయినా విండోలు మిణుకుమనడం, పాత ఫ్రేములు మళ్లీ మళ్లీ కనిపించడం ఆగలేదు. 2024లో 555 డ్రైవర్, ఫ్రేము సిద్ధమయ్యాకే చూపించే ఎక్స్‌ప్లిసిట్ సింక్ పద్ధతిని తెచ్చాకే ఆ బాధ చాలావరకు తగ్గింది. అదే ఏడాది ఉబుంటు 24.10 ఎన్‌విడియా కార్డుల మీద కూడా వేలాండ్‌ను డిఫాల్ట్ చేసింది. ఈ మధ్య కొన్న ఆర్‌టీఎక్స్ కార్డుకు కొత్త డ్రైవర్, కొత్త డెస్క్‌టాప్ ఉంటే వేలాండ్ ఇప్పుడు వాడదగ్గదే. ‘ఎన్‌విడియా అయితే వేలాండ్ వద్దు’ అన్న పాత సలహాకు కాలం చెల్లింది.

స్లీప్ విషయంలో ఇప్పటికీ జాగ్రత్త అవసరం. నిద్రపోయే ముందు కార్డు మెమరీలో ఉన్నదాన్ని భద్రపరచడానికి డ్రైవర్‌లో ఒక సెట్టింగు, దానికి తోడు కొన్ని సిస్టమ్ సర్వీసులు ఉంటాయి. కొన్ని డిస్ట్రోలు వాటిని తామే ఆన్ చేస్తాయి, కొన్ని చేయవు. లేచాక అక్షరాలు, చిహ్నాలు చెల్లాచెదురుగా కనిపిస్తే ముందు వాటినే చూడండి.

ఇంత చెప్పాక న్యాయంగా రెండో వైపూ చెప్పాలి. కుడాకు సాటి వచ్చే వ్యవస్థ లినక్స్‌లో ఇంకొకటి లేదు. 2007లో మొదలైన కుడా మీద దాదాపు రెండు దశాబ్దాలుగా శాస్త్రవేత్తలు, ఏఐ పరిశోధకులు కట్టుకుంటూ వచ్చారు. కొత్త పరిశోధన పత్రంతో వచ్చే కోడ్ ముందు ఎన్‌విడియా మీదే నడుస్తుంది. ఇంకొక సుగుణం కూడా ఉంది. డ్రైవర్ బయట ఉండటం వల్ల, కొత్త కార్డు కొన్న రోజున పాత డిస్ట్రోలో కొత్త డ్రైవర్ ఒక్కటి వేస్తే సరిపోతుంది, కెర్నెల్‌ను, మెసాను మార్చనక్కర్లేదు.

### నూవో, ఎన్‌వీకే

ఎన్‌విడియా సహకారం లేకుండానే స్వచ్ఛంద డెవలపర్లు కార్డులను శోధించి రాసిన ఓపెన్ డ్రైవర్ నూవో. 2010లో కెర్నెల్‌లో చేరింది. వారి శ్రమకు చేతులెత్తి మొక్కాలి. అయితే జీటీఎక్స్ 900 సిరీస్ నుంచి ఎన్‌విడియా తన సంతకం ఉన్న ఫర్మ్‌వేర్ లేనిదే కార్డు వేగాన్ని పెంచనివ్వలేదు. దాంతో 900, 10 సిరీస్ కార్డులు నూవో కింద బూట్ అయిన నాటి తక్కువ వేగంలోనే ఉండిపోతాయి. తెర మీద బొమ్మ వస్తుంది, ఆట ఆడలేం.

ట్యూరింగ్ నుంచి కార్డులోనే ఉన్న జీఎస్‌పీ అనే చిన్న ప్రాసెసర్ ఈ పనులు చూసుకుంటుంది కాబట్టి తలుపు కొంత తెరుచుకుంది. 2024 జనవరిలో వచ్చిన కెర్నెల్ 6.7 నుంచి నూవో ఆ దారి పట్టింది. దాని మీద ఎన్‌వీకే అనే వల్కన్ డ్రైవర్ మెసాలో ఎదుగుతోంది. రస్ట్ భాషలో నోవా అనే సరికొత్త కెర్నెల్ డ్రైవర్‌కు 6.15లో పునాది పడింది. ఎన్‌విడియా కార్డులకు నాకు ఆశ ఉన్నది ఇక్కడే. కానీ ఆ ఆశను నమ్ముకుని ఈరోజు కార్డు కొనమని చెప్పను.

## ఏఎండీ: ఇంట్లో ఉన్న డ్రైవర్

ఏఎండీకి కూడా ఒకప్పుడు మంచి పేరు లేదు. ఎఫ్‌జీఎల్ఆర్‌ఎక్స్ అనే దాని పాత ప్రొప్రైటరీ డ్రైవర్‌ను తలచుకుని ఇప్పటికీ బాధపడేవారున్నారు. 2006లో ఏటీఐని కొన్నాక, 2007లో కంపెనీ ఓపెన్ డ్రైవర్ల వైపు మళ్లి హార్డ్‌వేర్ పత్రాలు విడుదల చేయడం మొదలుపెట్టింది. 2015లో కెర్నెల్ 4.2తో ఏఎండీజీపీయూ డ్రైవర్ వచ్చింది. ఇవాళ ఏఎండీ కార్డు పెట్టి ఏ డిస్ట్రో వేసినా డ్రైవర్ ప్రస్తావనే రాదు. కెర్నెల్ అప్‌డేట్ వస్తే డ్రైవర్ దానితోనే వస్తుంది, సంతకాల గొడవ లేదు.

ఇక్కడ ఒక విశేషం చెప్పుకోవాలి. ఆటలకు అందరూ వాడే ఆర్‌ఏడీవీ అనే వల్కన్ డ్రైవర్‌ను మొదలుపెట్టింది ఏఎండీ కాదు. 2016లో డేవ్ ఎయిర్లీ, బాస్ న్యూవెన్‌హైజెన్ మొదలుపెట్టారు. కంప్యూటర్ ఆటలు అమ్మే స్టీమ్ అనే ఆన్‌లైన్ దుకాణాన్ని నడిపే వాల్వ్ కంపెనీ దాని మీద డెవలపర్లను పెట్టింది. 2022లో వచ్చిన దాని చేతి గేమింగ్ కంప్యూటర్ స్టీమ్ డెక్‌లో ఉన్నది ఏఎండీ చిప్పే కావడంతో వాల్వ్ ఆసక్తి ఇంకా పెరిగింది. చివరికి 2025లో ఏఎండీ తన సొంత ఓపెన్ వల్కన్ డ్రైవర్‌ను ఆపేసి ఆర్‌ఏడీవీకే మద్దతు ప్రకటించింది. డ్రైవర్ కోడ్ అందరి ముందూ ఉండటం వల్ల కలిగే మేలు ఇదే. కంపెనీ చేయనిది ఇంకొకరు చేయగలరు.

ఆయుష్షు విషయంలోనూ ఇదే మేలు. 2012 నాటి హెచ్‌డీ 7000 సిరీస్ కార్డులు ఏళ్ల పాటు రేడియాన్ అనే పాత కెర్నెల్ డ్రైవర్ మీదే డిఫాల్ట్‌గా నడిచాయి. వాల్వ్ కోసం పనిచేసే డెవలపర్ ఒకరు మిగిలిన లోటుపాట్లు పూడ్చడంతో, కెర్నెల్ 6.19 నుంచి అవి కొత్త ఏఎండీజీపీయూ డ్రైవర్‌కు మారాయి. పదేళ్లు దాటిన కార్డుకు కొత్త ఊపిరి. దీన్ని ఎన్‌విడియాతో పోల్చి చూడండి. కెప్లర్ అనే పాత తరం కార్డులు 470 డ్రైవర్‌తో ఆగిపోయాయి. జీటీఎక్స్ 900, 10 సిరీస్‌లకు 580 చివరి శాఖ. 590 డ్రైవర్‌లో వాటికి చోటు లేదు. 2025 డిసెంబరులో ఆర్చ్ లినక్స్ 590కి మారినప్పుడు పాత కార్డులవారు పాత డ్రైవర్ ప్యాకేజీని విడిగా వేసుకోవలసి వచ్చింది.

ఏఎండీలో ఇబ్బందులు లేవా? ఉన్నాయి, వాటిని దాచి సలహా ఇవ్వడం తప్పు.

కార్డు మరీ కొత్తదైతే డిస్ట్రోకు అందదు. 2025 మార్చిలో వచ్చిన ఆర్‌ఎక్స్ 9070కి మెసా 25.0, దానికి తగిన కొత్త కెర్నెల్, కొత్త ఫర్మ్‌వేర్ కావాలి. కెర్నెల్ 6.8తో వచ్చిన ఉబుంటు 24.04 తొలి రూపం మీద అది సరిగ్గా నడవదు. ఫెడోరావారికి ఇలాంటి చింత తక్కువ, డెబియన్ స్థిర శాఖ వాడేవారికి ఎక్కువ.

కార్డు బిగుసుకుపోతే డెస్క్‌టాప్ అంతా పడిపోయే సందర్భాలు ఉన్నాయి. లాప్‌టాప్‌లలో తెర తనను తాను రిఫ్రెష్ చేసుకునే పొదుపు సదుపాయం వల్ల తెర మిణుకుమనడం తరచూ వినబడే ఫిర్యాదు. కెర్నెల్ పారామీటర్‌తో దాన్ని ఆపవచ్చు, బ్యాటరీ కొంచెం ఎక్కువ ఖర్చవుతుంది.

పెద్ద టీవీని మానిటర్‌గా వాడాలనుకునేవారు ఇది తప్పక గమనించాలి. ఏఎండీ రాసిన ఓపెన్ సోర్స్ హెచ్‌డీఎంఐ 2.1 కోడ్‌ను హెచ్‌డీఎంఐ ఫోరం అంగీకరించలేదని 2024 ఫిబ్రవరిలో తేలింది. టీవీకి 4కే తెరను 120 హెర్ట్జ్‌తో పూర్తి రంగులతో పంపాలంటే అక్కడే అడ్డు పడింది. డిస్‌ప్లేపోర్ట్ ఉన్న మానిటర్ కొంటే ఈ సమస్యే రాదు.

అన్నిటికంటే బలహీనమైనది ఏఐ పనులకు ఏఎండీ ఇచ్చే ఆర్‌ఓసీఎం. అధికారికంగా మద్దతున్న ఇంటి కార్డుల పట్టిక చిన్నది. ఆర్‌ఎక్స్ 7900 ఎక్స్‌టీఎక్స్‌కు 2023లో, 9070కి విడుదలైన కొన్ని నెలలకు మద్దతు వచ్చింది. పట్టికలో లేని కార్డులను మద్దతున్న కార్డుగా నమ్మించే సెట్టింగు పెట్టి చాలామంది నెట్టుకొస్తున్నారు. పాత ఆర్‌ఎక్స్ 580 వంటివి ఆర్‌ఓసీఎం నుంచి ఎప్పుడో తప్పుకున్నాయి. ఆటల డ్రైవర్‌లో అంత దీర్ఘాయుష్షు ఇచ్చిన కంపెనీ, కంప్యూట్ వైపు ఇంత తొందరగా చేతులు దులుపుకోవడం నాకు నిజంగా కోపం తెప్పించే విషయం. కొంత ఊరట ఏమిటంటే, ఇంట్లో భాషా మోడళ్లు నడిపే లామా.సీపీపీ వంటి ప్రోగ్రాములు వల్కన్ మీద కూడా నడుస్తాయి. అలాంటి వాడకానికి ఆర్‌ఓసీఎం అక్కర్లేదు.

## ఇంటెల్: తెరకు నిశ్చింత, ఆర్క్‌కు షరతులు

ప్రాసెసర్‌లోనే ఉన్న ఇంటెల్ గ్రాఫిక్స్‌తో ఏళ్లుగా లినక్స్ వాడేవారిలో చాలామందికి డ్రైవర్ అనే మాటే తెలియదు. అంతకు మించిన మెచ్చుకోలు ఉండదు. ఒక చేదు మినహాయింపు జీఎంఏ 500. 2008 ప్రాంతంలో ఆటమ్ నెట్‌బుక్‌లలో వచ్చిన దానిలో పేరు ఇంటెల్‌ది, లోపలిది పవర్‌వీఆర్. దానికి సరైన ఓపెన్ డ్రైవర్ రానే లేదు. డబ్బా మీద పేరు చూసి కొనకూడదనడానికి ఆ నెట్‌బుక్‌లు మంచి ఉదాహరణ.

విడిగా కొనే ఆర్క్ కార్డుల్లో ఏ770, ఏ750 2022 అక్టోబరులో వచ్చాయి. కెర్నెల్ 6.2 నుంచి ప్రత్యేక సెట్టింగు లేకుండా పనిచేస్తున్నాయి. ఎక్స్ఈ అనే కొత్త కెర్నెల్ డ్రైవర్ 6.8లో చేరింది. 2024 డిసెంబరులో వచ్చిన బీ580కి కెర్నెల్ 6.12 లేదా ఆపైది ఉండాలి. 12 జీబీ మెమరీ ఉన్న ఆ కార్డు ధరకు తగిన సరుకే. ఏవీ1 వీడియో ఎన్‌కోడింగ్ ఆర్క్ కార్డుల బలం.

షరతులు ఇవి: ప్రాసెసర్ కార్డు మెమరీనంతా ఒకేసారి అందుకోనిచ్చే రీసైజబుల్ బార్ సదుపాయం మదర్‌బోర్డులో ఉండాలి, లేకపోతే వేగం బాగా పడిపోతుంది. పాత కంప్యూటర్‌కు చవకగా ఊపు తేవాలని ఆర్క్ కొంటే డబ్బు వృథా. ఏ సిరీస్ కార్డులు ఊరికే ఉన్నప్పుడు కూడా విద్యుత్తు ఎక్కువ తింటాయి, తగ్గించడానికి బయోస్‌లో ఏఎస్‌పీఎం అనే విద్యుత్ పొదుపు సెట్టింగులు మార్చాలి. 2025లో ఇంటెల్ తన క్లియర్ లినక్స్ డిస్ట్రోను మూసేసింది. దానికీ గ్రాఫిక్స్ డ్రైవర్‌కూ నేరుగా సంబంధం లేకపోయినా, లినక్స్ మీద ఆ కంపెనీ ఖర్చు తగ్గుతోందన్న ఆందోళన నాకుంది. కోడ్ కెర్నెల్‌లో ఉంది కాబట్టి ఇప్పుడు కొన్న కార్డు అనాథ కాదు. రాబోయే ఆటలకు తగ్గట్టు వేగం పెంచే పని మందగించవచ్చు.

## ఒక చూపులో

| విషయం | ఎన్‌విడియా | ఏఎండీ | ఇంటెల్ ఆర్క్ |
|---|---|---|---|
| డ్రైవర్ ఎక్కడుంది | కెర్నెల్‌కు బయట | కెర్నెల్, మెసా | కెర్నెల్, మెసా |
| కెర్నెల్ అప్‌డేట్ | మళ్లీ కంపైల్, అప్పుడప్పుడు చిక్కు | నిశ్చింత | నిశ్చింత |
| సెక్యూర్ బూట్ | డిస్ట్రోను బట్టి అదనపు పని | సమస్య లేదు | సమస్య లేదు |
| వేలాండ్ | 555 డ్రైవర్ తరువాత బాగుంది | బాగుంది | బాగుంది |
| ఆటలు | బాగున్నాయి, డైరెక్ట్‌ఎక్స్ 12లో విండోస్ కంటే వెనుకబాటు | చాలా బాగున్నాయి | ఫర్వాలేదు |
| ఏఐ, కంప్యూట్ | తిరుగులేదు | కార్డును బట్టి | ఎదుగుతోంది |
| పాత కార్డుల గతి | శాఖ మూసేస్తే ఇబ్బంది | దీర్ఘాయుష్షు | ఆర్క్ విషయంలో ఇప్పుడే చెప్పలేం |
| విడుదలైన కొత్తలో | కొత్త డ్రైవర్ ఒక్కటి చాలు | కొత్త కెర్నెల్, కొత్త మెసా | కొత్త కెర్నెల్, కొత్త మెసా |

## ఎవరికి ఏది

మెషిన్ లెర్నింగ్ చదివే విద్యార్థులు, పరిశోధకులు. ఎన్‌విడియా తీసుకోండి. ఓపెన్ డ్రైవర్ అంటే నాకెంత ఇష్టమున్నా ఇక్కడ వేరే మాట చెప్పను. ప్రాజెక్టు గడువు దగ్గర పడుతుంటే, కుడా కోసం రాసిన కోడ్‌ను ఆర్‌ఓసీఎం మీద నడిపించడంలో రోజులు పోగొట్టుకోకూడదు. అయితే కార్డు ట్యూరింగ్ లేదా ఆ తరువాతిదే కావాలి, మెమరీ ఎంత ఎక్కువైతే అంత మంచిది. డిస్ట్రో విషయంలో సాహసాలు వద్దు. ఉబుంటు దీర్ఘకాలిక మద్దతు వెర్షన్ గానీ, ఎన్‌విడియా డ్రైవర్‌తో సహా ఇన్‌స్టాలర్ ఇచ్చే పాప్ ఓఎస్ గానీ చాలు. డెస్క్‌టాప్ కంప్యూటర్ అయితే ఒక చక్కటి ఏర్పాటు ఉంది. మానిటర్‌ను ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్‌కు తగిలించి, ఎన్‌విడియా కార్డును లెక్కలకు మాత్రమే వాడండి. డ్రైవర్ విరిగినా తెర ఉంటుంది, కార్డు మెమరీ మొత్తం మోడల్‌కే దక్కుతుంది.

ఆటలు ఆడేవారు. ఏఎండీ. స్టీమ్ పెట్టి, విండోస్ ఆటలను లినక్స్‌లో నడిపే ప్రోటాన్ ఆన్ చేసి ఆడుకోవడమే. డైరెక్ట్‌ఎక్స్ 12 ఆటల్లో ఎన్‌విడియా కార్డులు విండోస్‌తో పోలిస్తే లినక్స్‌లో కొంత వేగం కోల్పోతాయి, ఏఎండీలో ఆ తేడా తక్కువ. ఒక హెచ్చరిక: కొన్ని ఆన్‌లైన్ పోటీ ఆటలు ఆటలో మోసాన్ని పట్టుకునే తమ యాంటీ చీట్ కారణంగా లినక్స్‌ను అసలు అనుమతించవు. అది ఏ కార్డు కొన్నా తీరే సమస్య కాదు, కాబట్టి మీరు ఆడే ఆట సంగతి ముందే చూసుకోండి.

ప్రోగ్రామింగ్, ఆఫీసు పని, సినిమాలు. విడిగా కార్డు కొనకండి. ప్రాసెసర్‌లో ఉన్న ఇంటెల్ లేదా ఏఎండీ గ్రాఫిక్స్ చాలు. ఫెడోరా వాడేవారు ఒక విషయం తెలుసుకోవాలి. పేటెంట్ల భయంతో ఆ డిస్ట్రో 2022లో మెసాలో హెచ్.264, హెచ్.265 వీడియోకు హార్డ్‌వేర్ సాయాన్ని తీసేసింది. వీడియో చూస్తే ఏఎండీ కంప్యూటర్ వేడెక్కడానికి తరచుగా ఇదే కారణం. ఆర్‌పీఎం ఫ్యూజన్ అనే అదనపు ప్యాకేజీల భాండారం నుంచి మెసా వీడియో ప్యాకేజీ వేసుకుంటే తీరిపోతుంది.

వీడియో ఎడిటింగ్, త్రీడీ. డావించీ రిజాల్వ్ వాడతామంటే ఎన్‌విడియా మీదే సాఫీగా ఉంటుంది. దాని ఉచిత వెర్షన్ లినక్స్‌లో హెచ్.264, హెచ్.265 ఫైళ్లను తెరవదని గుర్తుంచుకోండి. ఫోన్‌లో తీసిన వీడియోలు ఎక్కువగా అవే, మరి ఏ కార్డు కొన్నా వాటిని ముందు వేరే రూపంలోకి మార్చుకోవాలి. బ్లెండర్ మూడింటి మీదా నడుస్తుంది, రెండరింగ్ వేగంలో ఎన్‌విడియా ముందుంది. కెడెన్‌లైవ్ అనే ఓపెన్ సోర్స్ వీడియో ఎడిటర్ చాలనుకుంటే ఏఎండీ గానీ ఆర్క్ గానీ సరిపోతుంది.

గేమింగ్ లాప్‌టాప్ కొనేవారు. మన దుకాణాల్లో విడి గ్రాఫిక్స్ ఉన్న లాప్‌టాప్ అంటే దాదాపుగా ఎన్‌విడియానే దొరుకుతుంది. ఎంచుకునే స్వేచ్ఛ తక్కువ కాబట్టి జాగ్రత్త ఎక్కువ కావాలి. ఇలాంటి లాప్‌టాప్‌లలో రెండు గ్రాఫిక్స్ చిప్పులు ఉంటాయి. ఒకప్పుడు వాటిని నడపడానికి బంబుల్‌బీ వంటి అతుకులు వాడేవారు. 2019లో 435 డ్రైవర్ నుంచి ప్రైమ్ ఆఫ్‌లోడ్ వచ్చింది. మామూలు పనికి ప్రాసెసర్ గ్రాఫిక్స్, కోరిన ప్రోగ్రాముకు మాత్రం ఎన్‌విడియా. ట్యూరింగ్, ఆ పైవాటిలో అక్కర్లేనప్పుడు కార్డు పూర్తిగా ఆగిపోగలదు, బ్యాటరీకి అదే ప్రాణం. కొనే ముందు తప్పక అడగవలసింది, హెచ్‌డీఎంఐ పోర్టు ఏ చిప్పుకు కలిసి ఉంది అని. ఎన్‌విడియాకు కలిసి ఉంటే బయటి మానిటర్ తగిలించినంత సేపూ ఆ కార్డు మేలుకునే ఉంటుంది. ఆఫీసులో రోజంతా బయటి మానిటర్ వాడేవారికి ఇది వేడి, ఫ్యాన్ చప్పుడు రెండూ తెస్తుంది. ఆటలు, కుడా రెండూ అక్కర్లేనివారు గేమింగ్ లాప్‌టాప్ జోలికి పోకుండా విడి కార్డు లేనిది తీసుకోవడమే మేలు.

సెకండ్ హ్యాండ్ కొనేవారు. జీటీఎక్స్ 1050 టీఐ, 1060, 1080 చవకగా కనిపిస్తాయి. 2016 నాటి ఆ పాస్కల్ కార్డులకు ఎన్‌విడియా కొత్త డ్రైవర్లు ఆగిపోయాయి, నూవో వాటిని వేగంగా నడపలేదు. రెండు దారులూ మూసుకుపోయిన ఆ తరాన్ని లినక్స్ కోసం కొనవద్దు. అదే ఎన్‌విడియా కావాలంటే జీటీఎక్స్ 1650 నుంచి పైకి చూడండి. పేరులో దగ్గరగా ఉన్నా అది ట్యూరింగ్ తరం, ఓపెన్ మాడ్యూల్, ఎన్‌వీకే రెండూ దానికి అందుతాయి. ఆటలకు మాత్రమే అయితే ఆర్‌ఎక్స్ 580 కూడా మెసాలో ఇంకా బతికే ఉంది. కాస్త ఎక్కువ పెట్టగలిగితే ఆర్‌ఎక్స్ 6600 మేలు.

## ఇప్పటికే ఎన్‌విడియా ఉన్నవారికి

కార్డు మార్చే స్తోమత అందరికీ ఉండదు. ఉన్నదానితోనే బాధ తగ్గించుకునే దారులు కొన్ని ఉన్నాయి. పాత కెర్నెల్‌ను తీసేయకండి, కొత్తది బూట్ కాకపోతే కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు వచ్చే గ్రబ్ మెనూలో దాన్ని ఎంచుకుని లోపలికి రావచ్చు. ఫెడోరాలో కెర్నెల్ అప్‌డేట్ అయిన వెంటనే రీస్టార్ట్ చేయకండి. మాడ్యూల్ కంపైల్ కావడానికి కొన్ని నిమిషాలు పడుతుంది, మధ్యలో ఆపితేనే నల్లటి తెర. ఆర్చ్ వాడేవారు దీర్ఘకాలిక కెర్నెల్‌ను కూడా పక్కన వేసి ఉంచుకోండి. పాస్కల్ కార్డు ఉన్నవారు 580 శాఖను అందించే స్థిరమైన డిస్ట్రోకు మారితే భద్రతా సవరణలు అందుతున్నన్నాళ్లు కార్డును నిశ్చింతగా వాడుకోవచ్చు.

కొత్తది గానీ పాతది గానీ, కొనే ముందు, ఇన్‌స్టాల్ చేయకుండానే లినక్స్ నడిపే లైవ్ యూఎస్‌బీ పెట్టి చూడటం మంచిది. ఏఎండీ, ఇంటెల్ అయితే లైవ్‌లో కనిపించినదే ఇన్‌స్టాల్ చేశాకా కనిపిస్తుంది. ఎన్‌విడియాకు మామూలు లైవ్ చాలదు, అక్కడ చాలా డిస్ట్రోలలో నడిచేది నూవో. పాప్ ఓఎస్ ఎన్‌విడియా ఇమేజ్ తీసుకెళ్లండి. ఒకసారి స్లీప్‌లో పెట్టి లేపండి, ఒక వీడియో నడపండి, బయటి మానిటర్ తగిలించి తీయండి. అమ్మేవారు ఈ మాత్రం చూడనివ్వకపోతే ఇంకొకరి దగ్గర కొనండి.